గుడారం ముందు ఇస్త్రీ మాస్టారు

మొన్న ఆదివారం ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికి అన్నానికొచ్చారు. ఇక్కడ జర్మనీలో, ఫ్రాన్సు సరిహద్దు పక్కనున్న మా జార్‌బ్రూకెన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు చదువుతున్నారు. ఒకడిది మా కృష్ణా జిల్లానే, ఇంకొకడిది వరంగల్. మా ఆవిడ కోడికూర వడ్డిస్తే కూర గురించి ఒక్క మాట లేదు. వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకలేదని, దొరికిన రోజున గుమ్మం ముందు గంటసేపు నిలబెట్టారని ఒకటే గోల. "లైన్ల నిలబడి నిలబడి పానం పోయింది అంకుల్" అన్నాడు వరంగల్ అబ్బాయి. ప్రాణం పోయినవాడు మూడోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు.

సరే, లైను అంటే ఏమిటో వాళ్ళకీ, వాళ్ళ వయసున్న మీ అందరికీ ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేనే చెబుతాను. నేనేమీ పెద్ద ఉద్యోగం వెలగబెట్టలేదు. ఆస్పత్రుల బట్టలు ఉతికే పెద్ద లాండ్రీలో షిఫ్టు ఇన్‌ఛార్జిగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా "హాస్పిటల్ మేనేజ్‌మెంట్" అని చెప్పేది. నేనూ కాదనలేదు, నాకేం పోయింది!

ఆ లాండ్రీ సరిగ్గా సరిహద్దు అవతల, ఫ్రాన్సులో ఉండేది. అక్కడ స్థలం చవక. ఆస్పత్రులు ఇటు, ఉతుకుడు అటు. పనివాళ్ళం మాత్రం చాలామందిమి ఇటువాళ్ళమే. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆ సరిహద్దు ఎక్కడుందో నేనెప్పుడూ పట్టించుకోలేదు. బస్సులో కునుకు తీస్తూ ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి వెళ్ళిపోయేవాణ్ణి. అవతల బేకరీ వాసన తగిలితే లేచి దిగేవాణ్ణి.

కరోనా వచ్చిన మొదటి వసంతంలో రాత్రికి రాత్రి దారులు మూసేశారు. పాత కస్టమ్స్ షెడ్డు పక్కన తెల్లటి గుడారం వేశారు, ముందు ఇనప కంచెలు, పోలీసులు. బస్సు సరిహద్దు దాటడం మానేసింది. మేం బట్టలు ఉతికేవాళ్ళం గనక మేం లేకపోతే దేశం నడవదని ప్రభుత్వానికి హఠాత్తుగా జ్ఞానోదయమై, మాకు దాటే అనుమతి కాగితాలిచ్చారు. పొద్దున వెళ్ళేటప్పుడు ఫ్రెంచి పోలీసులు ఆవులిస్తూ ఒక చూపు చూసి వదిలేసేవారు. మధ్యాహ్నం షిఫ్టు దిగి కాలినడకన ఇటు వచ్చేటప్పుడే అసలు తతంగమంతా.

ఇక మా ఇస్త్రీ మాస్టారి గురించి చెప్పాలి. మా షిఫ్టులో పెద్ద ఇస్త్రీ యంత్రం మీద ఒక పాలస్తీనా ఆయన ఉండేవాడు. ఇటు నుంచి తడి దుప్పటి తోస్తే అటు కొత్త కాగితంలా వచ్చే యంత్రం. నేను ఆయన్ని ఇస్త్రీ మాస్టారూ అని పిలిచేవాణ్ణి. అదేదో పెద్ద బిరుదు అనుకుని సంతోషపడేవాడు. ఆయన నన్ను షెఫ్ అనేవాడు. షెఫ్ అంటే ఇక్కడ పైఅధికారి, వంటవాడు కాదు.

ఆయనది బెత్లెహేం పక్కన పల్లె. మేము క్రైస్తవులం కదండీ, ఆ మాట వినగానే మా ఆవిడకి ఒళ్ళు పులకరించిపోయింది. "ప్రభువు పుట్టిన ఊరాయన లాండ్రీలో ఎండు రొట్టె తింటుంటే చూస్తూ ఊరుకున్నారా?" అని నన్ను తిట్టి, ఆ రోజు నుంచి "బెత్లెహేం తమ్ముడికి" అని వేరే డబ్బా కట్టేది. ఆయన ముస్లిం అనీ, రోజూ మిషను పక్కన చాప వేసి నమాజు చేస్తాడనీ చెప్పినా వినదు. "బెత్లెహేం గొర్రెల కాపరుల ఊరు, వాళ్ళ నాన్నకి గొర్రెలున్నాయా లేదా?" అంది. ఉన్నాయట. అంతే, ఇంక నేను మాట్లాడలేదు. పాపం ఆయన మా గోంగూర పచ్చడికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే "చాలా బాగుందని చెప్పు షెఫ్" అనేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన రోజూ తెల్లవారకముందే చెక్‌పోస్టు దాటి ఇజ్రాయెల్లో తాపీపనికి వెళ్ళేవాడట. తరవాత పెళ్ళయి, ఇక్కడున్న భార్య దగ్గరికి వచ్చేశాడు. పిల్లలు నలుగురూ ఇక్కడే పుట్టారు, తండ్రి అరబ్బీలో అడిగితే జర్మన్లో జవాబు చెబుతారు. ఆయన కార్డు మీద మాత్రం 'జాతీయత' అనే గడిలో 'ఉన్‌గెక్లేర్ట్' అని ఉండేది. అంటే, ఇంకా తేలలేదని. నడివయసు మనిషి, నలుగురు పిల్లల తండ్రి, ఏ దేశంవాడో ఇంకా తేలలేదు! ఎన్నో ఏళ్ళ కిందట జర్మనీ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుని, పరీక్షలన్నీ పాసై, ఆఖరి టెర్మిన్ కోసం ఎదురుచూస్తున్నాడు. సరిగ్గా ఆ టెర్మిన్ ఉన్న వారమే కరోనా వచ్చి ఆఫీసు మూసేశారు. ఆయన మనసులో ఉన్నదల్లా అదొక్కటే. ఆఫీసు ఎప్పుడు తెరుస్తారు, నేనెప్పుడు తేలతాను.

మొదటిరోజు మధ్యాహ్నం గుడారం ముందు నిలబడ్డాం. ముందు ఇస్త్రీ మాస్టారు, వెనక నేను, నా వెనక ఉతుకుడు సెక్షన్ చూసే ఇటలీ పెద్దాయన, ఆయన వెనక మడతల సెక్షన్లో చేసే పోలండావిడ, ఆ వెనక మిగతా అందరూ. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నేను ఈ దేశంలో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది ఒకే ఒక్క కిటుకు మీద. ఏ ఆఫీసుకెళ్ళినా ముందువాడు ఏం చేస్తాడో చూసి, అదే చెయ్యడం. ముందువాడు చీటీ తీసుకుంటే నేనూ తీసుకుంటా, వాడు కోటు విప్పి తగిలిస్తే నేనూ తగిలిస్తా. భాష రాని రోజుల్లో అలవాటైపోయింది. నవ్వకండి, మీరూ అదే చేస్తున్నారు.

పోలీసు కుర్రాడొకడు, మీసం కూడా సరిగ్గా రాలేదు, "తరవాతివాళ్ళు" అని చెయ్యి ఊపాడు. ఇస్త్రీ మాస్టారు గుడారానికి నాలుగడుగుల దూరంలో ఆగి, కాగితాలు నేలమీద పెట్టి, చొక్కా రెండు చేతులతో గుండెలదాకా పైకెత్తి, అలాగే గుండ్రంగా ఒక చుట్టు తిరిగాడు. ఓహో, ఇదేదో కరోనా పరీక్ష కాబోలు, దద్దుర్లేమైనా ఉన్నాయేమో చూస్తారనుకున్నాను. నా వంతు కూడా వచ్చేస్తుందని నేనూ కాగితాలు కింద పెట్టి చొక్కా ఎత్తాను. లోపల చిరుగు బనీను. అది కూడా ఎత్తాలేమో అని అదీ ఎత్తాను. నా బొజ్జ సమస్తం జర్మనీ ప్రభుత్వానికి చూపించి చుట్టూ తిరుగుతున్నాను కదా, తిరిగేసరికి నా వెనక ఇటలీ పెద్దాయన, ఆయన వెనక మరో పదిమంది మగాళ్ళు, అందరూ చొక్కాలెత్తి బొంగరాల్లా తిరుగుతున్నారు. పోలండావిడ జాకెట్టు జిప్పు మీద చెయ్యేసి "ఆడవాళ్ళు కూడానా?" అని అరిచింది.

"నైన్! నైన్! కాదు, ఎవరూ వద్దు! దింపండి!" అని ఆ పోలీసు కుర్రాడు గుడారంలోంచి పరిగెత్తుకొచ్చాడు. వాడి చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. "ఎవరు చెప్పారు మీకు ఇలా చెయ్యమని?"

అందరం ఇస్త్రీ మాస్టారి వంక చూశాం. అప్పటికిగాని తను చేసిందేమిటో ఆయనకే తెలియలేదు. చొక్కా ఇంకా చేతుల్లోనే ఉంది. "క్షమించండి. గుడారం, తుపాకీ కనపడేసరికి చేతులు వాటంతటవే లేచాయి. మా దగ్గర ఇలాగే చెయ్యాలి. ఒంటికి బాంబులేమీ కట్టుకోలేదని దూరంనుంచే చూపించాలి" అన్నాడు.

పోలీసు కుర్రాడు కింద పెట్టిన కాగితాలు తనే వంగి తీసి, దుమ్ము దులిపి ఇచ్చి, "ఇక్కడ అక్కర్లేదండీ" అన్నాడు. మేం మాత్రం బస్టాపుదాకా పొట్టలు పట్టుకుని నవ్వాం, ఇస్త్రీ మాస్టారు అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఇంటికెళ్ళి మా ఆవిడకి నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాను గానీ, "మా దగ్గర ఇలాగే చెయ్యాలి" అన్న దగ్గరికొచ్చేసరికి నవ్వు మానేసి ఆ మాటే రెండుసార్లు చెప్పాను. మా ఆవిడ వంటింట్లోకెళ్ళి మర్నాటికి కాస్త నెయ్యి ఎక్కువేసి పులిహోర కలిపింది.

అలవాటు అంత తేలిగ్గా పోతుందా? మర్నాడూ అంతే. గుడారం దగ్గరికి రాగానే ఆయన చేతులు చొక్కా అంచు మీదికి పోతాయి, పోలీసు కుర్రాడు దూరంనుంచే "బిట్టె, దయచేసి చొక్కా వద్దు!" అని కేకేస్తాడు. పైకీ కిందికీ ఒకటే బట్టగా ఉండే మెకానిక్కు సూటు ఒకటి స్టోర్లోంచి తీసిచ్చాను, ఎత్తడానికి అంచే లేకుండా. ఆయన దాని జిప్పు లాగడం మొదలెట్టాడు. ఇంక నావల్ల కాదని వదిలేశాను.

లైను మీద మాత్రం ఆయనకి మహా చిన్నచూపు. మేం ముప్పావుగంట నిలబడి కాళ్ళు పీకుతున్నాయని మూలుగుతుంటే, "ఇది లైను కాదు షెఫ్, ఇది ఊరికే నిలబడటం" అనేవాడు. వాళ్ళ దగ్గర చీకట్లోనే వచ్చి అట్టముక్కలు పరుచుకుని కునుకు తీసేవారట, పశువుల్ని తోలే సందులాంటి ఇనప దారిలో వందలమంది ఒకరి వీపుకి ఒకరు అంటుకుని నిలబడేవారట, కుర్రవాళ్ళు పైన ఊచలు పట్టుకుని జనం తలల మీదుగా పాకేవారట. గేటు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూస్తారో ఎవరికీ తెలియదు. మూస్తే ఆ రోజు కూలి లేదు. ఇదంతా ఆయన ఏదో జాతర సంగతి చెప్పినట్టు నవ్వుతూ చెప్పేవాడు.

ఇక్కడేమో ఒకటిన్నర మీటరు దూరం అని పసుప్పచ్చ గీతలు గీశారు. ఆయనవల్ల అయితేనా! ముందున్నవాడి వీపుకి అంటుకుని నిలబడతాడు. "ఇంత సందిస్తే మధ్యలో నలుగురు దూరతారు షెఫ్." ఇది జర్మనీ, ఎవరూ దూరరయ్యా బాబూ అంటే నమ్మడు. రెండో వారానికి మడత స్టూలు, ఫ్లాస్కులో సేజ్ ఆకు వేసిన టీ తెచ్చి లైనులో మకాం పెట్టేశాడు. పోలండావిడ కేకు తెచ్చింది. ఇటలీ పెద్దాయన పేకలు తెచ్చాడు, ఒకటిన్నర మీటరు దూరంలో పేకాట కుదరక మానేశాడు.

ఆ లైనులో ఉండగానే ఆయన తమ్ముడు వీడియో కాల్ చేసేవాడు. తమ్ముడిది కూడా తాపీపనే. పని దిగి ఊరికి తిరిగెళ్ళేటప్పుడు రెండూళ్ళ మధ్య చెక్‌పోస్టు దగ్గర టాక్సీలో ఇరుక్కుని ఉండేవాడు. అన్న తన లైను చూపిస్తే తమ్ముడు తన లైను చూపించేవాడు. తమ్ముడి లైనుకి చివర కనిపించేది కాదు. "చూశావా, అదీ లైనంటే" అని ఇస్త్రీ మాస్టారు నాకు గర్వంగా చూపించేవాడు.

ఈయన వల్ల మా అందరికీ ఆలస్యం అయ్యేదన్న మాట కూడా చెప్పాలి. కార్డు మీద 'తేలలేదు' అని చూడగానే ప్రతి కొత్త పోలీసూ ఆగిపోతాడు. ఇంకొకణ్ణి పిలుస్తాడు. ఇద్దరూ తలలు గోక్కుంటారు. పైవాడికి ఫోన్ చేస్తారు. వెనక మేం కొంగల్లా ఒంటికాలి మీద నిలబడి ఉంటాం. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు "మాస్టారూ, నువ్వు త్వరగా ఏదో ఒక దేశంవాడివైపోవయ్యా, నా మోకాళ్ళు పోతున్నాయి" అన్నాను. "నాదేముంది షెఫ్, నేను రెడీ" అన్నాడు.

జూన్‌లో కబురొచ్చింది. ఆఫీసు తెరిచారు, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి టెర్మిన్. ఆలస్యమైతే ఆ టెర్మిన్ పోయినట్టే, మళ్ళీ ఎప్పుడిస్తారో చెప్పలేమని కింద రాశారు. సెలవు పెట్టుకోవయ్యా అంటే, ఆ వారం సగంమంది జ్వరాలతో ఇళ్ళల్లో ఉన్నారు, ఇస్త్రీ యంత్రం ఆగితే ఆపరేషన్ థియేటర్లకి బట్టలుండవు. "పొద్దున షిఫ్టు చేసి నేరుగా వెళ్తాను" అన్నాడు.

శుక్రవారం పొద్దున ట్రాక్ సూట్లో పనికొచ్చాడు, చేతిలో సంచిలో పెళ్ళినాటి సూటు. దాన్నిండా కలరా ఉండల వాసన. ఇటలీ పెద్దాయన ముక్కు మూసుకుని, "ఈ వాసనతో వెళ్తే నిన్ను ఏ దేశమూ తీసుకోదు. ఇటివ్వు, ఆవిరి పట్టించి కొత్తదాన్ని చేస్తాను" అని పట్టుకెళ్ళాడు. మంచి మనిషే, ప్రేమతోనే పట్టుకెళ్ళాడు. ఆవిరి గది ఖాళీ లేదని ఒక ట్రాలీ మీద పెట్టాడు. ఇంతలో వాళ్ళమ్మ సిసిలీ నుంచి ఫోన్. వాళ్ళమ్మకి తొంభై ఏళ్ళు, ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే ఆగదు. ఆ మాటల్లో ఉండగా ట్రాలీ తన దారిన తను ఐసీయూ దుప్పట్లతో పాటు తొంభై డిగ్రీల నీళ్ళల్లోకి వెళ్ళిపోయింది.

షిఫ్టు చివర సూటు బయటికొచ్చింది. వాసన మాత్రం పూర్తిగా పోయింది. రెండో తరగతి చదివే పిల్లాడికి సరిగ్గా సరిపోతుంది.

ఇటలీ పెద్దాయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఏడుపొకటే తక్కువ. ఇంటికెళ్ళి వేరేది వేసుకోవడానికి టైము లేదు, ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. "ట్రాక్ సూట్లోనే వెళ్ళు మాస్టారూ, బట్టలు చూసి ఇస్తారా ఏమిటి" అన్నాను.

ఆయన నావంక చూసిన చూపు నేను మర్చిపోలేను. "ఇవాళ నేను కొత్తగా పుడుతున్నాను షెఫ్. ట్రాక్ సూట్లో పుట్టమంటావా?"

నా బట్టలు ఆయనకి డేరాలా ఉంటాయి, ఇటలీ ఆయనవి మోకాళ్ళదాకా రావు. చివరికి పోలండావిడ శుభ్రమైన బట్టల అరలోంచి తెల్ల ప్యాంటు, తెల్ల కోటు తెచ్చింది. డాక్టర్లవి. సోమవారం ఉతికి తిరిగి పెట్టేద్దాం అంది. ఒకే ఒక్క కోటు ఆయనకి కుట్టించినట్టు సరిపోయింది. దాని జేబు మీద నీలం దారంతో 'స్త్రీల వైద్యశాల' అని కుట్టి ఉంది. ఫైలు అడ్డం పెట్టుకుంటే కనపడదులే అనుకున్నాం.

గుడారం దగ్గరికొస్తే లైను మామూలుకంటే పొడుగ్గా ఉంది. ఆ రోజుల్లో డాక్టర్లంటే జనానికి దేవుళ్ళతో సమానం, బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టేవారు కదా. లైను చివర్న ఒక పెద్దావిడ తెల్లకోటు చూసి "డాక్టర్‌గారికి దారివ్వండి!" అంది. అంతే, లైను రెండుగా చీలిపోయింది. చప్పట్లు! ఇస్త్రీ మాస్టారు కదలడే! "లైను దాటి వెళ్ళేవాణ్ణి మా దగ్గర ఏం చేస్తారో తెలుసా షెఫ్?" అని నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన లైను తప్పలేదు. రెండున్నర అవుతోంది. నేనొక రెక్క, ఇటలీ పెద్దాయన ఒక రెక్క పట్టుకుని పెళ్ళికొడుకుని తీసుకెళ్ళినట్టు చప్పట్ల మధ్య ముందుకు తీసుకెళ్ళాం. పోలండావిడ సంచి పట్టుకుని వెనకాల.

గుడారంలో మనకి తెలిసిన పోలీసు కుర్రాడు లేడు. కొత్త మనిషి, భారీ శరీరం, ముఖం చూస్తే భయం వేసేలా ఉన్నాడు. కార్డు తీసుకున్నాడు గానీ దానివంక చూడలేదు. కార్డు తియ్యడంలో ఫైలు పక్కకి జరిగి బయటపడ్డ, కోటు జేబు మీది నీలం అక్షరాల వంక చూశాడు. అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "డాక్టర్‌గారూ, ఒక్క మాట. నా భార్యకి నెలలు నిండాయి, మీ ఆస్పత్రిలోనే పేరు రాయించాం. కరోనా అని కాన్పు గదిలోకి భర్తల్ని రానివ్వట్లేదంటున్నారు. నన్ను లోపలికి రానిస్తారా?"

అవును అని తల ఊపితే చాలు, మూడింటికి ఆఫీసులో ఉంటాడు. నేను వెనకనుంచి కోటు లాగాను, ఊపవయ్యా తల అని.

ఇస్త్రీ మాస్టారు ఫైలు పక్కన పెట్టి, "నేను డాక్టర్ని కాదండీ. ఈ కోటు ఇస్త్రీ చేసేవాణ్ణి. మిమ్మల్ని లోపలికి రానిస్తారో లేదో నాకు తెలియదు. తెలియకుండా రానిస్తారని చెప్పలేను. గేటు బయట నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు" అన్నాడు.

చచ్చాంరా దేవుడా అనుకున్నాను. పోలీసు ముఖం గట్టిపడింది. అప్పుడు కార్డు చూశాడు. తేలలేదు! "డాక్టర్ వేషం, దేశం ఏమిటో తెలియదు. పక్కకి నిలబడండి" అన్నాడు. మేం ముగ్గురం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాం. నేను కంగారులో తెలుగులో మొదలుపెట్టాను. ఇటలీ పెద్దాయన చేతుల్తో మాట్లాడుతున్నాడు. సూటు, టెర్మిన్, అమ్మ, సిసిలీ, తొంభై డిగ్రీలు. ఎవడికర్థమవుతుంది? చివరికి పోలండావిడ సంచిలోంచి ఆ చిట్టి సూటు తీసి, ఇస్త్రీ మాస్టారి ఛాతీకి ఆనించి పట్టుకుంది. "ఇదీ ఈయన వేసుకోవాల్సింది. మూడింటికి ఈయనకి పౌరసత్వం ఇస్తారు. ఇక మీ సంగతి. మా చెల్లెలి అల్లుణ్ణి పోయిన వారం అదే ఆస్పత్రిలో కాన్పు గదిలోకి రానిచ్చారు. మాస్కు పెట్టుకుని వెళ్ళండి, నొప్పులు ముదిరాకే పిలుస్తారు, అప్పటిదాకా బయట గోల చెయ్యకండి."

పోలీసు ఆ సూటు చూశాడు, ఆ మనిషిని చూశాడు, మళ్ళీ సూటు చూశాడు. ముందు భుజాలు కదిలాయి. తరవాత మాస్కు ఊగింది. తరవాత బల్ల పట్టుకుని నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కార్డు చేతిలో పెట్టి, "పరిగెత్తండి!" అన్నాడు. "నిజంగా రానిచ్చారా?" అని పోలండావిణ్ణి ఇంకోసారి అడిగాడు.

టాక్సీలో ఆఫీసుకి చేరేసరికి మూడింటికి ఇంకా కాస్త ఉంది. కరోనా కదా, ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి రానిచ్చారు. మేం బయట అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. ప్లాస్టిక్ తెర వెనక ఒకావిడ, ఇవతల తెల్లకోటు మనిషి. ప్రమాణం చదువుతుంటే మాస్కు ఆవిరికి కళ్ళజోడు మసకేసి, తుడుచుకోవడం, చదవడం, తుడుచుకోవడం. ఆవిడకి షేక్‌హ్యాండ్ ఇవ్వడం వారం రోజులు ప్రాక్టీసు చేశాడు, ఆవిడ మోచెయ్యి చూపించింది. బయటికొచ్చాక సర్టిఫికెట్ మా ముందు పట్టుకుని, "తేలిపోయాను షెఫ్" అన్నాడు. ఇటలీ పెద్దాయన ఒకటిన్నర మీటరు సంగతి మర్చిపోయి కావలించుకుని భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు.

"ఇది సోమవారం గుడారంలో చూపిస్తాను. ఈసారి ఫోన్ చెయ్యక్కర్లేదని చెబుతాను. వాళ్ళు తాపీగా చదవాలి, ఒక్కొక్క అక్షరం" అన్నాడు.

"సోమవారానికి గుడారం ఉండదు మాస్టారూ, సరిహద్దు తెరుస్తున్నారని టీవీలో చెప్పారు" అన్నాను.

ఆయన నావంక జాలిగా చూశాడు. "అలాగే అంటారు షెఫ్. ఒకసారి పెట్టాక ఎవరు తీస్తారు?"

సోమవారం మధ్యాహ్నం షిఫ్టు దిగాం. గెడ్డం గీసుకుని, తలకి నూనె రాసుకుని, సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు చేతుల్తో పట్టుకుని ఇస్త్రీ మాస్టారు ముందు నడుస్తున్నాడు. మలుపు తిరిగాం. పొద్దున వెళ్ళేటప్పుడు ఉన్న గుడారం ఇప్పుడు లేదు. కంచెల్లేవు, పోలీసుల్లేరు. మా బస్సు ఫ్రాన్సులోంచి జర్మనీలోకి ఆగకుండా వెళ్ళిపోయింది. రోడ్డు పక్కన మేకులు దిగ్గొట్టిన గుంటలు మాత్రం ఉన్నాయి. పసుప్పచ్చ గీతలు చెరుపుతున్న మునిసిపాలిటీ మనిషిని ఆయన అడిగాడు, గుడారం ఏదని. లారీలో తీసుకెళ్ళారన్నాడు. మళ్ళీ ఎప్పుడు పెడతారని అడిగాడు. ఎందుకు పెడతారన్నాడు అతను.

మేం నవ్వుదామనుకున్నాం గానీ ఆయన ముఖం చూసి ఊరుకున్నాం. సర్టిఫికెట్ కవరు చంకలో పెట్టుకుని, ఫోన్ తీసి తమ్ముడికి వీడియో కాల్ చేశాడు. తమ్ముడు ఎప్పట్లాగే చెక్‌పోస్టు దగ్గర టాక్సీల వరసలో ఉన్నాడు. ఈయన ఏమీ చెప్పకుండా ఖాళీ రోడ్డు చూపించాడు. తమ్ముడు ఫోన్ పట్టుకుని టాక్సీ దిగాడు. ఫోన్ చేతులు మారడం మొదలైంది. సిమెంటు దుమ్ము పట్టిన ముఖాలు ఒకటి తరవాత ఒకటి తెరలోకొచ్చి మా రోడ్డుని చూస్తున్నాయి.

"ఏమంటున్నారు?" అన్నాను.

"చెక్‌పోస్టు ఎక్కడ దాచారని అడుగుతున్నారు షెఫ్."

"లారీలో పట్టుకెళ్ళారని చెప్పు."

చెప్పాడు. అటునుంచి పెద్దగా నవ్వులు. ఒక ముసలాయన ఫోన్ తీసుకుని ఏదో గట్టిగా అన్నాడు. ఇస్త్రీ మాస్టారు ఫోన్ ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు, కస్టమ్స్ షెడ్డు తలుపు తోసి లోపల చూపించాడు. ముసలాయనకి తృప్తి కలగలేదు. చెట్ల వెనక చూపించమన్నాడట. ఈయన రోడ్డు దిగి, గడ్డిలో నడిచి, చెట్ల వెనక్కి వెళ్ళి, ఒక్కొక్క చెట్టూ చూపించి వచ్చాడు.

"నమ్మాడా?" అన్నాను.

"లేదు షెఫ్. రేపు మళ్ళీ చూపించమంటున్నాడు."